జిహాన్ పేరు కింద అడ్డగీత

పాయకుంబుహ్ పైన, మా ఊరు
ఫిబ్రవరి 4, 2019, సోమవారం

వదినగారు ఎలిమార్‌కి,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి ఉన్నామని మాత్రమే రాస్తున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. పోయిన నెలలో రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నేను విషయానికి వచ్చేసరికి మీ హోటల్లో ఎవరికో చేప తలకాయ పులుసు కావలసి వచ్చింది. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. పెకన్‌బారు వచ్చే కారు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి.

విషయం ఇది. మన మనవరాలు జిహాన్‌కి ఫిట్స్ ఎందుకు వస్తున్నాయో తేల్చడానికి డిసెంబరులో పడాంగ్ ఆసుపత్రిలో పిల్లకీ, మా అమ్మాయి యెల్వీకీ, మీ అబ్బాయి అఫ్రిజాల్‌కీ రక్తం తీశారు. తొమ్మిదో నెలలో మొదలైన ఫిట్స్, ఒళ్ళు వెచ్చబడితే చాలు ఒకే రోజులో గుత్తులుగా రావడం, నడక వచ్చి మాట రాకపోవడం, ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయనీ, ఆ మూలం జన్యువులో ఉండవచ్చనీ డాక్టరమ్మ అనుమానం. పిల్లకి ఆరేళ్ళు నిండాయి. డాక్టరమ్మ లెక్కలో దానికి ఎనిమిది మాటలు వచ్చు. నా లెక్కలో పదకొండు. మిగతా మూడూ ఆవిడ చెవికి అందలేదు.

ఆవిడ జావా నుంచి వచ్చిన పిల్ల, ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికే వచ్చే మన పద్ధతులు తెలియవు. కుటుంబంలో ఎవరెవరున్నారో గీసి తెమ్మంది. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, సగం సమాధానం ఇచ్చే అలవాటు నాకు లేదు. మా ఇంటి వంశపటం తీసుకువెళ్ళి బల్ల మీద పరిచాను. ఏడు తరాలు. ఎవరు ఎప్పుడు పుట్టారో, దేనితో పోయారో అన్నీ ఉన్నాయి. ఆ పిల్ల పైనుంచి కిందికి చూసింది, కింది నుంచి పైకి చూసింది, చివరికి కాగితం తిప్పి వెనక వైపు కూడా చూసింది.

“బామ్మగారూ, ఇందులో తండ్రులేరీ?”

“తండ్రులు వాళ్ళ అమ్మల పటాల్లో ఉంటారమ్మా. ఇది మా ఇంటిది.”

“రక్తం ఇద్దరి వైపు నుంచీ వస్తుంది కదండీ. మీరు సగమే తెచ్చారు.”

వదినగారూ, నాకు యాభై మార్కులు వేసినవాళ్ళు ఇంతవరకూ లేరు. నా శిష్యురాళ్ళ వయసు పిల్ల వేసింది. తల దించుకుని బయటికొచ్చాను.

అందుకని మీ అమ్మగారు, వారి అక్కచెల్లెళ్ళు, మీ తోబుట్టువులు, మీ నలుగురు కొడుకులు, వారి పిల్లలు, అందరి పేర్లూ పుట్టిన సంవత్సరాలూ రాయండి. ఎవరికి ఫిట్స్ వచ్చాయి, ఎవరికి మాట ఆలస్యమైంది, ఎవరు పసితనంలోనే పోయారు, ఏదీ దాచకుండా రాయండి.

తొందర ఎందుకంటే, ఉపవాసాల నెలకు ముందే మా తెగ వంశపటం కొత్తగా గీయించి పెద్దలు సంతకాలు పెట్టాలి. అది లేనిదే పొలాలకు పట్టాలు రావు. మా తెగ పెద్ద దాతుక్ బాహర్, అదే, మా పినతల్లి కొడుకు, జిహాన్ పేరు కింద అడ్డగీత పెట్టించాలని చూస్తున్నాడు. అడ్డగీత అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. ఆడపిల్ల లేక ఆరిపోయిన ఇల్లని. నాకు ఒక్కతే కూతురు, దానికి ఒక్కతే కూతురు. ఆ గీత పడితే మా తర్వాత ఈ ఇల్లూ పొలమూ బాహర్ అక్క కూతుళ్ళకు పోతాయి. జిహాన్ తను పుట్టిన ఇంట్లోనే చుట్టమై బతకాలి. రోగం మా రక్తంలోనే ఉందని అతను ఊరంతా చెబుతున్నాడు. అవునో కాదో నాకు తెలియాలి.

ఇట్లు,
దహ్నియార్


పెకన్‌బారు
ఫిబ్రవరి 12

దహ్నియార్ టీచరుగారికి,

వాలైకుమ్ అస్సలామ్. ఉత్తరం అందింది. విప్పబోతూ పరీక్ష పేపరేమో అనుకున్నాను. విప్పితే పరీక్ష పేపరే.

పెళ్ళి మాటలప్పుడు మీవాళ్ళు ఏమన్నారో మీ పటంలో రాసుకున్నారా? మావాడు ఎదురుగా ఉండగానే “అల్లుడంటే మోడు మీద బూడిద, గాలొస్తే పోయేదే” అని సామెత చెప్పి నవ్వారు. పాత సామెతే కదా అని మేమూ నవ్వాం. ఇప్పుడు ఆ బూడిదకి తల్లెవరు, ఆ తల్లికి తల్లెవరు, పుట్టిన ఏడు రాయండి అంటున్నారు. బిడ్డ బాగున్నంతకాలం మీ ఇంటి బిడ్డ. జబ్బనేసరికి ఇద్దరి రక్తమూనా? ఆ డాక్టరమ్మ మీకు మంచి లెక్కే నేర్పింది.

మావైపు అలాంటివేమీ లేవు. అదీ రాసుకోండి. నాకు నలుగురు కొడుకులు, నలుగురూ దున్నపోతుల్లా ఉన్నారు, ఒక్కడికీ ఒక్క ఫిట్ రాలేదు. మీ పెద్దమ్మ చేపల చెరువులో పడి పోయిందని పాయకుంబుహ్ సంతలో కూరగాయల వాళ్ళకి కూడా తెలుసు. ఊరికే పడతారా ఎవరైనా? ముందు మీ చెరువులో వెతుక్కోండి, తర్వాత నా ఇంటికి రండి.

పిల్లకి ఒళ్ళు వెచ్చబడినట్టు ఉంటే చెంచాడు చిక్కటి కాఫీ పట్టండి, చక్కెర లేకుండా. నవ్వకండి. పనిచేస్తుందని నాకు తెలుసు. డ్రైవరు చేతికి అరకిలో కాఫీ పొడి, ఒక గిన్నె రెండాంగ్ ఇచ్చాను. జిహాన్‌కని మాంసం బాగా మెత్తబడేదాకా ఉడికించి, కారం తగ్గించి వేరే పొట్లం కట్టాను. అది మీరు తినేయకండి.

అఫ్రిజాల్ గొంతు ఫోన్లో నీరసంగా ఉంది. వాడికి అన్నం సరిగ్గా పెడుతున్నారా?

ఎలిమార్


ఫిబ్రవరి 25, సోమవారం

ఎలిమార్‌గారికి,

కాఫీ పొడి తిప్పి పంపుతున్నాను. కాఫీ ఫిట్స్‌ని ఆపదనీ, అలా పట్టొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ నవ్వలేదు, తల పట్టుకుంది. గిన్నె కడిగి అందులో గలామై మిఠాయి పెట్టాను. ఖాళీ గిన్నె తిప్పి పంపే ఆచారం మా ఇంట్లో లేదు గనుక పెట్టాను, దాన్ని రాజీ అనుకోవద్దు. రెండాంగ్ బాగుంది. పొట్లం జిహానే తిన్నది.

మా పెద్దమ్మ డెబ్భై ఆరో ఏట నాచు మీద కాలు జారి చెరువులో పడింది. నేను గట్టు మీదే ఉన్నాను. అది ఫిట్ కాదు, నాచు. అంతకుముందు చెరువు అంచులు గీకించమని నేను ఎంత చెప్పినా మా మామయ్య వినలేదు. సంతలో కూరగాయల వాళ్ళని ఈసారి నన్ను అడగమనండి.

పోయిన మంగళవారం పిల్లకి జ్వరం వచ్చింది. ప్రతిసారీ లాగే ముందు భయం. గోడ వైపు చూసి కెవ్వుమంటుంది, అక్కడ ఏదో నిలబడి ఉన్నట్టు. ఆ తర్వాత ఒళ్ళు బిగుసుకుంటుంది. అది చూసి బాహర్ భార్య మెట్ల కింద నిలబడి పిల్లని ఏదో పట్టిందన్నది. పైకి వస్తానంటే రానివ్వలేదు. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. మీ అబ్బాయి పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగి బండి దాకా పరుగెత్తాడు. ఇది నేను ఒప్పుకోవాలి. గురువారం ఇల్లు చేరాం.

కానీ శుక్రవారం పరీక్షల ఫలితం తెస్తానని ఒక్కడే పడాంగ్ వెళ్ళిన మనిషి ఈ సోమవారానికి కూడా ఇంటికి రాలేదు. ఫోన్ ఎత్తడు. యెల్వీ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. జబ్బు బిడ్డ పుడితే జారుకునే మగవాళ్ళని నేను చూశాను, మా వీధిలోనే ఇద్దరున్నారు. మీ దగ్గర ఉంటే పంపండి. లేకపోతే లేడని రాయండి. గాలి రానే వచ్చింది చూశావా అక్కా అని బాహర్ నిన్న నాతో అన్నాడు. అతనికి ఏం చెప్పాలో మీరే రాయండి.

దహ్నియార్


పెకన్‌బారు
ఫిబ్రవరి 28

టీచరుగారికి,

నా కొడుకు జారుకోలేదు, అమ్మ దగ్గరికొచ్చాడు. మీ ఊళ్ళో రెండిటికీ ఒకటే మాటేమో, మా ఊళ్ళో వేరు వేరు.

శనివారం పొద్దున వచ్చాడు. వాడికిష్టమని చేప తలకాయ పులుసు చేస్తే ముట్టలేదు. దొడ్లోకి పోయి గిన్నెలన్నీ తోమాడు, పనివాళ్ళు ఖాళీగా నిలబడి చూశారు. ఎప్పుడు చూసినా నా మొహమే చూస్తున్నాడు. ఏంట్రా అంటే ఏం లేదంటాడు. మూడో రోజున నోరు విప్పాడు.

“అమ్మా, చిన్నప్పుడు నువ్వెప్పుడైనా పడిపోవడం లాంటిది జరిగిందా?”

“ఎవరడగమన్నారురా ఇది?” అన్నాను.

తల దించుకున్నాడు. ఎవరడగమన్నారో నాకు తెలియదా? నేను మీ పటం నింపలేదని నా కొడుకునే నా మీదికి తోలారు. మీ ఆరా కోసం వాడు మూడు రోజులు తిండి మానేశాడు. మంగళవారం కారెక్కించి పంపేశాను, ఈపాటికి మీ మెట్లెక్కే ఉంటాడు.

నా ఇంటి పేర్లు ఇక అడగొద్దు. పెద్దదాన్ని, గౌరవంగానే చెబుతున్నాను. గలామై మరీ తియ్యగా ఉంది.

ఎలిమార్


మార్చి 14, గురువారం

ఎలిమార్‌గారికి,

మీ కొడుకుని నేను పంపలేదు. ఆ ప్రశ్న అతనిది. ఎందుకు అడిగాడో నాకూ పోయిన వారమే తెలిసింది. యెల్వీ, నేను, అతను ముగ్గురం డాక్టరమ్మ దగ్గర కూర్చుని అన్నీ విన్నాం. మూడుసార్లు చెప్పించుకుని, ఇంటికొచ్చి రాసుకుని, ఆవిడకి ఫోన్లో వినిపించి సరిచూసుకున్నాను. అందుకని కింద రాసినదాంట్లో తప్పు లేదు.

మా యెల్వీ రక్తంలో ఏ తేడా లేదు. తేడా అఫ్రిజాల్ దగ్గర ఉంది. అతని నుంచి జిహాన్‌కి వచ్చింది.

మనిషి దున్నపోతులా ఉన్నాడు కదా, అదెలాగంటారు. నేనూ అదే అడిగాను. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్ రెండు, మగవాళ్ళకి ఒకటే. ఆడవాళ్ళ ఒక్కో కణంలో ఆ రెండిట్లో ఏదో ఒకటే పనిచేస్తుంది. మామూలుగా ఇలాంటి తేడాలు మగపిల్లల్ని పట్టి ఆడపిల్లల్ని వదిలేస్తాయి. ఇది తిరగబడిన రకం. మగ్గం మీద పడుగంతా పట్టు వేస్తే బట్ట బాగుంటుంది. అంతా నూలు వేసినా బాగుంటుంది. సగం పట్టు సగం నూలు కలిపితే, తడిసినప్పుడు ఒకటి ముడుచుకుంటుంది, ఒకటి ముడుచుకోదు, బట్ట మెలి తిరుగుతుంది. మగవాడిలో కణాలన్నీ ఒకే రకం, అందుకని గొడవ లేదు. జిహాన్ మెదడులో రెండు రకాలూ కలిసి ఉన్నాయి, ఒకదాన్నొకటి పోల్చుకోలేకపోతున్నాయి. అలాంటి తండ్రి నుంచి కొడుకులకి ఒక్కరికీ రాదు. కూతుళ్ళకైతే ప్రతి ఒక్కరికీ వస్తుంది. కూతురు పుడితేనే ఇల్లు నిలిచింది అనుకునే మన నేల మీద ఈ లెక్క.

ఇక మగవాడికి ఎక్స్ వచ్చేది తల్లి దగ్గర నుంచే. అతను మీ మొహం ఎందుకు చూశాడో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కొందరు ఆడవాళ్ళలో ఇది చాలా తేలికగా ఉంటుందట, కొందరిలో అసలు కనిపించదట. మీ విషయం మీకే తెలియాలి.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే మీ అబ్బాయి ఒక పని చేశాడు. కాఫీ కొట్లో పదిమంది మగవాళ్ళు డామినో ఆడుతుండగా బాహర్ ముందుకెళ్ళి, మా ఆవిడ వైపు ఏ దోషమూ లేదు, ఇది నా నుంచి వచ్చింది, ఆ ఇంటిని ఇక ఏమీ అనకండి అని చెప్పి వచ్చాడు. భార్య మీద మాట పడకూడదని చెప్పాడు. మంచి మనసు, తెలివి తక్కువ పని. మర్నాడు పొద్దున్నే బాహర్ నవ్వుకుంటూ మా మెట్లెక్కాడు.

“అక్కా, నీ కంగారంతా తీరిపోయింది. మన రక్తం శుభ్రం. బూడిదని ఊదేయ్. యెల్వీకి ముప్ఫై ఒకటే కదా, ఇంకో మంచి సంబంధం నేను చూస్తాను. బంగారం లాంటి ఆడపిల్ల పుడుతుంది. ఈ పిల్ల కింద గీత పెట్టినా పక్కన ఇంకో గీత కిందికి దిగుతుంది. ఆ ఆసుపత్రి కాగితం సభలో చూపించు చాలు.”

ఏప్రిల్ 20న సభ. ఆ కాగితం నా పెట్టెలో ఉంది. దాంతో నేను గెలవగలను. ఆ సంగతి మీకు ముందుగా తెలియాలని రాస్తున్నాను.

దహ్నియార్


పెకన్‌బారు
మార్చి 20

దహ్నియార్‌గారికి,

బెదిరిస్తున్నారా? బెదిరించండి. తీసుకెళ్ళి చదవండి మీ కాగితం, నా పేరు కూడా కలిపి చదవండి. ఒకసారి చదివించుకున్నదాన్నే నేను.

అడిగారు కదా, రాసుకోండి. ఎలిమార్, పుట్టింది 1956లో. నడక రాకముందు మొదలై పెద్దమనిషి అయ్యేదాకా ఫిట్స్. తర్వాత వాటంతటవే పోయాయి. ఎందుకు పోయాయో ఎవరూ చెప్పలేదు, ఎందుకు వచ్చాయో అసలే చెప్పలేదు. మూడో తరగతిలో బల్ల మీద పడిపోతే మాస్టారు మా అమ్మని పిలిచి, మిగతా పిల్లలు జడుసుకుంటున్నారు తీసుకెళ్ళమన్నాడు. మీ అంత చదువు లేదు నాకు. హోటల్లో ధరల బోర్డు చూసి అక్షరాలు దిద్దుకున్నాను. కాఫీ మా అమ్మ పట్టేది. ఆవిడ పట్టింది కాబట్టి తగ్గిందనుకున్నాను ఇన్నేళ్ళూ.

పెళ్ళయ్యాక నలుగురూ మగపిల్లలే. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. మా తెగ పెద్దలు కూర్చుని నా పేరు కింద అడ్డగీత పెట్టారు. నేను ఆ గదిలోనే ఉన్నాను, పళ్ళెంలో అరటిపళ్ళు పెడుతున్నాను. నా ముందే గీశారు. మా అమ్మ పోయిన ఏడాదికే ఇల్లు పిన్ని కూతుళ్ళది అయింది. చంకలో చిన్నవాణ్ణి వేసుకుని, అఫ్రిజాల్ చెయ్యి పట్టుకుని పెకన్‌బారు బస్సెక్కాను. మగపిల్లల తల్లినని నాకు గర్వమనుకున్నారేమో మీరు, అది గర్వం కాదు.

నా కొడుకులకి ఈ సంగతి మొన్నటిదాకా తెలియదు. నిన్న ముగ్గుర్ని కూర్చోబెట్టి, అఫ్రిజాల్‌కి ఫోన్లో చెప్పాను. పెద్దవాళ్ళిద్దరికీ మగపిల్లలే. చిన్నవాడికి ఈ ఏడు చివర్లో పెళ్ళి. వాడికి రక్తం తీయించాలా? అడగడానికి మీరు తప్ప నాకెవరూ లేరు, అదీ నా రాత.

ఇంకొకటి, ఇది డాక్టరమ్మకి తెలియదు. జిహాన్ గోడని చూసి కెవ్వుమంటుందన్నారే, ఆ గోడ మీద ఏమీ ఉండదు. ఎవరూ కనబడరు. ఊరికే భయం, కడుపులోంచి పైకి వస్తుంది, దేనికో తెలియదు. అప్పుడు అందరూ ఎదురుగా మూగి పేరు పెట్టి పిలుస్తుంటే ఇంకా భయం. మా అమ్మమ్మ ఏం చేసేదంటే, నా వెనక కూర్చుని తన రొమ్ము నా వీపుకి ఆనించేది. ఏమీ మాట్లాడేది కాదు. వెనక ఒకరున్నారని తెలిసేది. అంతే. చేస్తే చేయండి, లేకపోతే లేదు.

ఎలిమార్


మార్చి 27

వదినా,

బెదిరింపు కాదు. నేను ఎప్పుడూ మాట సగంలో ఆపను, ఆ ఒక్కసారి ఆపాను, మీకు అలా వినబడింది. మిగతా సగం ఇది: ఆ కాగితం నేను చూపించను. చూపించి గెలిస్తే మీ కొడుకు పోతాడు, జిహాన్ కింద గీత ఎలాగూ పడుతుంది. అప్పుడు గెలిచింది బాహర్.

చిన్నవాడికి రక్తం తప్పకుండా తీయించండి. అతనికి వచ్చి ఉండటానికీ రాకపోవడానికీ సమాన అవకాశం. ఫలితం ఏదైనా పెళ్ళికూతురి వాళ్ళకి ముందే చెప్పండి. వాళ్ళు వద్దంటే, అన్నీ తెలిసే వద్దంటారు. డాక్టరమ్మ మీ రక్తం కూడా ఒకసారి చూస్తానంది, మీ ఇష్టం.

ఏప్రిల్ 20న సభకు రండి. తండ్రి తరఫు వాళ్ళకి మా సభలో పీట లేదు, మాట లేదు. నాకు తెలుసు, మీకూ తెలుసు. వచ్చి నా చాప మీద కూర్చోండి. లేవమన్నవాళ్ళు నన్ను కూడా లేపాలి.

దహ్నియార్


కెలోక్ సెంబిలాన్ వంతెన దగ్గర, కారులో
ఏప్రిల్ 20, పొద్దున

వదినా,

కొండ విరిగిపడింది. రోడ్డు మీద ఇంటంత బండ, దాని వెనక ఇంకో యాభై కార్లు. వెనక సీటునిండా నేను రాత్రి వండిన కూరలు. నోట్లో ముద్ద ఉన్నవాడు అరవలేడని తెచ్చాను, ఇప్పుడు డ్రైవర్లు తింటున్నారు. బండ మీదుగా నడిచి అవతల బండి పట్టుకుంటున్న ఒక కుర్రాడి చేతికి ఇది ఇస్తున్నాను. మధ్యాహ్నానికి మీకు అందాలి.

కాగితం చూపించకండి. దానికి బదులు ఇది చదవండి, గట్టిగా.

“నేను అఫ్రిజాల్ తల్లి ఎలిమార్‌ని. జిహాన్‌కి ఉన్న జబ్బు నాకూ ఉండేది. నన్ను బళ్ళోంచి పంపారు, ఇంటి పటంలో గీత పెట్టారు. ఆ గీత కింద ఇప్పుడు నలుగురు మగాళ్ళు, మూడు హోటళ్ళు ఉన్నాయి. గీత పెట్టిన పెద్దల మనవలు పెకన్‌బారు వస్తే నా దగ్గరే తింటారు. డబ్బు తీసుకునే పెడతాను. మీరు బిడ్డకి భయపడితే భయపడండి, కానీ ఆ భయానికి ఆచారమని పేరు పెట్టకండి.”

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి, ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

ఎలిమార్


ఏప్రిల్ 23, మంగళవారం

ఎలిమార్ వదినకి,

మీ కుర్రాడు మధ్యాహ్నపు నమాజు వేళకి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. అన్నం పెట్టి పంపాను. సభలో జరిగినదంతా వరసగా రాస్తాను.

బాహర్‌తో కలిపి, సంతకం పెట్టాల్సిన పెద్దలు నలుగురూ వచ్చారు. పటం గీసే అతను కొత్త కాగితం పరిచాడు. జిహాన్ పేరు దాకా వచ్చి కలం ఆపాడు. బాహర్ నా వైపు తిరిగి కాగితం ఏదక్కా అన్నాడు. ఇంట్లో ఉందన్నాను. తెచ్చి చూపిస్తే మన రక్తం శుభ్రమని అందరికీ తెలుస్తుంది కదా అన్నాడు. రక్తానికి శుభ్రమూ మురికీ ఉంటాయని నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు బాహర్, నువ్వు ఏ బెంచీలో కూర్చుని నేర్చుకున్నావన్నాను. ముసలి పెద్ద ఒకాయన దగ్గినట్టు నవ్వాడు.

అప్పుడు మీ మాట చదివాను. తండ్రి తరఫు మాట సభలో చదవకూడదని ఒకరు అడ్డొచ్చారు. సభలో కూర్చోకూడదని ఉంది గానీ ఉత్తరం చదవకూడదని లేదన్నాను. గట్టిగానే చదివాను, ఒక్క అక్షరం మార్చలేదు. డబ్బు తీసుకునే పెడతానన్న దగ్గర ఇద్దరు తల దించుకున్నారు. వాళ్ళూ మీ దగ్గర తిన్నవాళ్ళే కాబోలు.

బాహర్ తెలివైనవాడు. ఆవిడ బాగుపడింది, సంతోషం, ఈ పిల్ల బాగుపడుతుందని ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. ఇక్కడ మిమ్మల్ని నొప్పించినా సరే ఉన్నది రాస్తాను వదినా. జిహాన్ మూడు హోటళ్ళు పెట్టదేమో. పన్నెండో మాట రాదేమో. ఫిట్స్ తగ్గితే తగ్గుతాయి, లేకపోతే లేదు. మీరు నిలబడ్డారు కాబట్టి దాన్ని ఉంచండని నేను అడగదలుచుకోలేదు. అందుకని ఆచారమే అడిగాను. ఇల్లు ఎప్పుడు ఆరిపోతుందని ఆ నలుగురినీ ఒక్కొక్కరినీ చెప్పమన్నాను. ఆడపిల్ల లేనప్పుడన్నారు, నలుగురూ. నా ఇంట్లో ఆడపిల్ల ఉందా లేదా అన్నాను. జిహాన్ అప్పటికి తలుపు దగ్గర కూర్చుని మీ అఫ్రిజాల్ చెప్పులు తన కాళ్ళకు తొడుక్కుంటోంది. ఎవరూ లేదనలేకపోయారు.

బాహర్ మాత్రం వదల్లేదు.

“ఉంది అక్కా, కాదనను. మాట రాని పిల్ల రేపు సభలో ఈ ఇంటి తరఫున ఏం మాట్లాడుతుంది?”

“మన ఆచారంలో ఆడపిల్ల తరఫున సభలో మాట్లాడేదెవరు?”

“మేనమామ.”

“దానికి మేనమామ లేడు. లేనప్పుడు ఎవరు?”

ముసలాయన చెప్పాడు, తెగ పెద్ద అని.

“అంటే నువ్వు. అది మాట్లాడలేదన్నది కాదు సంగతి. దాని తరఫున మాట్లాడవలసిన నువ్వు మాట్లాడనంటున్నావు. ఆ మాట ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టు. గీత నేనే గీస్తాను.”

కలం అతని ముందుకు జరిపాను. బాహర్ దాన్ని ముట్టుకోలేదు. ముసలాయన తీసుకుని, జిహాన్ పేరు కింద చోటు అలాగే వదిలేయమని చెప్పి, సంతకం పెట్టాడు. తర్వాత ఇంకో ఇద్దరు. బాహర్ పెట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. అతని సంతకం లేకపోతే తెగలో ఒక్క పొలానికీ పట్టా రాదు, అతని అక్క కూతుళ్ళకి కూడా. వాళ్ళు నిన్నటి నుంచి అతని ఇంటి మెట్ల మీదే కూర్చున్నారని విన్నాను. నేను తొందరపడటం లేదు.

ఆదివారం పిల్లకి మళ్ళీ ఒళ్ళు వెచ్చబడింది. యెల్వీ మీరు రాసినట్టే వెనక కూర్చుని ఆనించుకుంది. ఫిట్స్ ఆగలేదు, ఏడు వచ్చాయి. కెవ్వుమనడం మాత్రం ఒక్కసారే. మా ఇంట్లో ఇంతమందిమి ఐదేళ్ళుగా దాని ఎదురుగానే నిలబడ్డాం. దానికి లోపల ఏమవుతుందో చెప్పగలిగిన మనిషి మీరొక్కరే. తండ్రి తల్లి వచ్చి కోడలి ఇంట్లో ఉండటం మన దగ్గర ఎవరూ చేయలేదు. తూర్పు వైపు గది ఖాళీగా ఉంది. రోడ్డు తెరిచాక రండి, ఎన్నాళ్ళుంటారో మీరే చెప్పండి. నవ్వేవాళ్ళని నేను చూసుకుంటాను.

చివరిగా ఒకటి. ఇక పిల్లలు వద్దని యెల్వీ, అఫ్రిజాల్ నిన్న నాకు చెప్పారు. కొడుకు పుట్టవచ్చు కదా అని నేను అనలేదు. కొడుకుతో ఇల్లు నిలవదని వాళ్ళకి నేనే నేర్పాను. మొదట పాత పటం తీసి ముందు పరుచుకున్నాను. ఏడు తరాలు. తర్వాత లేచి జిహాన్‌కి మందు పట్టే వేళయితే పట్టాను, దాని జుట్టు దువ్వాను.

బాహర్‌కి ఇది తెలుస్తుంది, తెలిసి నవ్వుతాడు. నవ్వనీ. జిహాన్ తర్వాత ఈ ఇల్లు ఆరిపోతే దానంతటదే ఆరిపోతుంది. అందాకా ఇది జిహాన్ ఇల్లు.

మీ వదిన,
దహ్నియార్